తమ్ముళ్ళని పిలిచి నేల తీసుకున్నారు: యూటా మోర్మన్లు, అక్కడి మూలవాసులు

1838 అక్టోబర్ 27న అమెరికాలో మిస్సోరీ గవర్నర్ లిల్‌బర్న్ బాగ్స్ ఒక ఆర్డర్ మీద సంతకం పెట్టాడు, మోర్మన్లని, అంటే క్రైస్తవం నుంచి పుట్టిన ఒక కొత్త మతం వాళ్ళని, శత్రువులుగా చూడాలి, వాళ్ళని నిర్మూలించాలి లేదంటే రాష్ట్రం దాటించి తరిమేయాలి అని. అదే వారంలో హాన్స్ మిల్ అనే చిన్న ఊళ్ళో 17 మంది మోర్మన్లని చంపేశారు. ఇది జరిగి పన్నెండేళ్ళు కూడా నిండకముందే, 1850 జనవరి 31న, అదే మోర్మన్ల నాయకత్వం పడమటి అమెరికాలో యూటాలోని సాల్ట్ లేక్ సిటీ నుంచి తమ మిలీషియాకి, అంటే పౌరులతో కట్టుకున్న సైన్యానికి, ఆర్డర్ పంపింది, యూటా లోయలో శత్రువులుగా ఉన్న ఇండియన్లని, అంటే అక్కడి మూలవాసుల్ని, అణచండి, వాళ్ళ నుంచి విడిపోయి రాని వాళ్ళని నిర్మూలించండి అని. మొదటి ఆర్డర్ గురించి ప్రతి మోర్మన్ పిల్లాడికీ తెలుసు, రెండోది చాలాకాలం ఎవరూ నేర్పలేదు.

తరిమివేతకి గురైన జనం ఇంకో జనాన్ని తరిమేయడం చరిత్రలో కొత్తేం కాదు. కానీ మోర్మన్ల విషయంలో ఇంకో మెలిక ఉంది, వాళ్ళ మతం ప్రకారం ఆ మూలవాసులు పరాయివాళ్ళు కాదు, రక్త సంబంధీకులు, దేవుడు ఎంచుకున్న ఇశ్రాయేలు వంశం వాళ్ళు. ఈ బంధుత్వం నమ్మకం వాళ్ళ చేతుల్ని ఆపిందా అంటే ఆపలేదు, పైగా భూమి తీసుకోవడానికి, పిల్లల్ని తీసుకోవడానికి అదే దారి చూపించింది. యూటా కథ అర్థం కావాలంటే ఈ రెండూ కలిపి చూడాల్సిందే, తుపాకీని ఒకవైపు పెట్టి దత్తతని ఇంకోవైపు పెట్టి, ఇది చెడ్డది అది మంచిది అని విడదీస్తే అసలు సంగతి చేజారిపోతుంది.

సెటిలర్ కలోనియలిజం అంటే ఏంటో ముందు కాస్త చెప్పుకోవాలి. మనకి తెలిసిన వలస పాలన బ్రిటిష్ వాళ్ళది, వాళ్ళకి కావాల్సింది శిస్తు, వ్యాపారం, మన చాకిరీ, అధికారి వచ్చి ఉద్యోగం చేసి రిటైరై ఇంటికెళ్ళిపోయేవాడు. సెటిలర్ వలస అలా కాదు, వచ్చినవాడు ఉండిపోవడానికే వస్తాడు, పెళ్ళాం పిల్లలతో, విత్తనాలతో, పశువులతో వస్తాడు, అతనికి కావాల్సింది నేల. అక్కడ ఉన్నవాళ్ళ చాకిరీ అతనికి అంత ముఖ్యం కాదు, వాళ్ళు అక్కడ లేకుండా పోవడమే ముఖ్యం. లేకుండా పోవడం అంటే చంపడమే అవ్వక్కర్లేదు, రిజర్వేషన్‌కి, అంటే వాళ్ళ కోసం హద్దులు గీసి విడిచిన ప్రాంతానికి పంపడం, ఆకలితో కదిలించడం, లేదా పిల్లల్ని తమలో కలిపేసుకుని ఆ జాతి అనేదే మిగలకుండా చేయడం, ఇవన్నీ దాని కిందకే వస్తాయి. మోర్మన్లు యూటాలో ఇవన్నీ చేశారు.

1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ ఈ మతాన్ని మొదలుపెట్టాడు, బుక్ ఆఫ్ మోర్మన్ అనే గ్రంథం కూడా ఆ ఏడాదే అచ్చయింది. అందులో కథ ఏంటంటే క్రీస్తుకి కొన్ని వందల ఏళ్ళ ముందు జెరూసలేం నుంచి ఒక కుటుంబం అమెరికా ఖండానికి వస్తుంది, వాళ్ళ సంతానం రెండుగా చీలుతుంది, నీఫైట్లు, లేమనైట్లు. దేవుడి మాట వినని లేమనైట్లకి శాపం తగిలి చర్మం నల్లబడుతుంది, చివరికి వాళ్ళు నీఫైట్లని తుడిచిపెట్టేస్తారు. అమెరికాలోని మూలవాసులు ఆ లేమనైట్ల వారసులే అని మోర్మన్లు నమ్మారు, వాళ్ళు మళ్ళీ మతంలోకి వస్తే శాపం తొలగి తెల్లగా, సుందరంగా మారతారని కూడా ఆ గ్రంథంలో ఉంది. మతం పెట్టిన ఏడాదే మిషనరీలని ఇండియన్ల దగ్గరికి పంపించారు కూడా. అంటే మిగతా తెల్లవాళ్ళు ఇండియన్లని అడవి మనుషులుగా చూస్తే మోర్మన్లు దారి తప్పిన తమ్ముళ్ళుగా చూశారు. ఆ చూపులో నిజమైన ఆప్యాయత ఉంది, దాన్ని కాదనక్కర్లేదు, కానీ అందులో తమ్ముడు ఎవరో, అతని పూర్వీకులు ఎవరో, అతను చివరికి ఎలా తయారవ్వాలో అన్నీ అన్నగారే నిర్ణయించేశాడు, తమ్ముడు చెప్పుకునే సొంత కథకి చోటు లేదు. యూటా ప్రాంతపు తెగలైన యూట్లకి, షోషోనీలకి తాము ఎక్కడి నుంచి వచ్చామో చెప్పే కథలు వాళ్ళకే ఉన్నాయి, వాటిని ఎవరూ అడగలేదు.

1844లో ఇల్లినాయ్‌లో జోసెఫ్ స్మిత్‌ని జైల్లో ఉండగా గుంపు వచ్చి కాల్చి చంపింది. తర్వాత బ్రిగమ్ యంగ్ జనాన్ని తీసుకుని పడమరకి నడిచాడు, 1847 జూలై 24న సాల్ట్ లేక్ లోయకి చేరాడు, ఆ తేదీ ఇప్పటికీ యూటాలో పయనీర్ డే అని సెలవు దినం. అప్పటికి ఆ నేల కాగితం మీద మెక్సికోది, 1848 ఒప్పందంతో అమెరికా చేతికొచ్చింది, నిజంగా ఉన్నదేమో యూట్లు, షోషోనీలు, గోషూట్లు, పయూట్లు, దక్షిణాన నవాహోలు. వచ్చిన వారం రోజులకే నాయకుల్లో ఒకడైన హీబర్ కింబాల్ భూమికి ఇండియన్లకి డబ్బులు కట్టే ఆలోచన వద్దన్నాడు, ఒక తెగకి ఇస్తే ఇంకో తెగ కూడా అడుగుతుంది, అయినా భూమి దేవుడిది అన్నాడు. కొనలేదు, ఒప్పందం రాసుకోలేదు, దున్నడం మొదలుపెట్టారు.

సాల్ట్ లేక్ లోయ షోషోనీలకీ యూట్లకీ మధ్య సరిహద్దు లాంటిది కాబట్టి మొదటి ఏడాది పెద్ద గొడవ రాలేదు. అసలు కథ దానికి దక్షిణాన ఉన్న యూటా లోయలో మొదలైంది. అక్కడ యూటా లేక్ అని మంచినీళ్ళ సరస్సు ఉంది, ప్రోవో నది అందులో కలుస్తుంది, ట్రౌట్ చేపలు, సక్కర్ చేపలు వసంతంలో గుడ్లు పెట్టడానికి నదిలోకి గుంపులుగా ఎక్కేవి. టింపనోగోస్ యూట్లకి ఆ సరస్సే అన్నం పెట్టే తల్లి, చేపల సీజన్లో దూరంలో ఉన్న బంధువులు కూడా వచ్చి దిగేవాళ్ళు, తిండితో పాటు పెళ్ళిళ్ళు, ఆటలు, ఇచ్చిపుచ్చుకోవడాలు అన్నీ అక్కడే. 1849 మార్చిలో పశువులు పోయాయన్న ఫిర్యాదు మీద మోర్మన్ మిలీషియా వెళ్ళి ఇప్పటి ప్లెజెంట్ గ్రోవ్ దగ్గర ఒక చిన్న శిబిరాన్ని చుట్టుముట్టి నలుగురు మగవాళ్ళని చంపింది, దాన్ని బ్యాటిల్ క్రీక్ అంటారు. వెంటనే అదే వసంతంలో కొన్ని కుటుంబాలు వెళ్ళి ప్రోవో నది పక్కన ఫోర్ట్ యూటా కట్టేశాయి, సరిగ్గా చేపలు పట్టే చోటు పక్కనే.

తర్వాత జరిగింది ఎంత మామూలుగా జరిగిందో చూస్తే భయమేస్తుంది. సెటిలర్ల వలలు చేపల్ని ఖాళీ చేశాయి, వాళ్ళ పశువులు గడ్డి గింజల్ని తినేశాయి, ఆ గింజలే యూట్లకి చలికాలం తిండి. తట్టు వచ్చింది. ఆకలితో కొందరు పశువుల్ని పట్టుకుపోయారు. ఓల్డ్ బిషప్ అని సెటిలర్లు పిలిచే ఒక యూట్ మనిషితో ఒక చొక్కా దగ్గర గొడవపడి ముగ్గురు సెటిలర్లు అతన్ని చంపేసి, పొట్ట కోసి రాళ్ళు నింపి నదిలో పడేశారు, శవం దొరికాక యూట్లు చంపినవాళ్ళని అప్పగించమని అడిగారు, లేదంటే నష్టపరిహారంగా పశువులివ్వమన్నారు, రెండూ కుదరవన్నారు. జనవరి చివర్లో ఫోర్ట్ నుంచి సాల్ట్ లేక్ వెళ్ళి సహాయం అడిగిన వాళ్ళు యూట్ల దొంగతనాల గురించి చెప్పారు గానీ ఈ హత్య సంగతి చెప్పలేదు. బ్రిగమ్ యంగ్ ఒప్పుకున్నాడు, నిర్మూలన మాట ఉన్న ఆ ఆర్డర్ వెళ్ళింది.

ఫిబ్రవరిలో, మోకాళ్ళ లోతు మంచులో, ఫిరంగితో సహా మిలీషియా వెళ్ళి నది ఒడ్డున ఉన్న యూట్ల మీద రెండు మూడు రోజులు కాల్పులు జరిపింది. తప్పించుకున్న వాళ్ళని కొండ లోయల్లోకి, గడ్డకట్టిన సరస్సు దక్షిణ ఒడ్డుకి తరిమారు, అక్కడ టేబుల్ పాయింట్ అనే చోట లొంగిపోయిన మగవాళ్ళ ఆయుధాలు తీసేసుకుని మర్నాడు భార్యాపిల్లల ముందే కాల్చి చంపారు. తట్టుతో, చలితో చనిపోయిన వాళ్ళని కలిపితే మృతుల సంఖ్య వంద దాకా ఉంటుందని అంచనా, మోర్మన్ల వైపు చనిపోయింది ఒక్కడు. అమెరికా సైన్యం సర్వే బృందంలో ఉన్న జేమ్స్ బ్లేక్ అనే డాక్టర్ సైన్సు పరిశోధనకి పంపాలని శవాల తలలు నరికించి ఫోర్ట్‌కి తెప్పించాడు, బందీలైన కుటుంబాలు ఆ ఫోర్ట్‌లోనే ఉన్నాయి. మిగిలిన ఆడవాళ్ళని పిల్లల్ని సాల్ట్ లేక్ తీసుకెళ్ళి మోర్మన్ ఇళ్ళల్లో పనివాళ్ళుగా పంచారు, నాగరికత నేర్పుతామన్నారు, చాలామంది వీలు దొరకగానే పారిపోయారు, కొందరు జబ్బు చేసి చనిపోయారు.

ఈ పంచడం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే రెండేళ్ళలో ఇదే చట్టం అయింది. యూటాలో మోర్మన్లు రాకముందే మనుషుల్ని అమ్మే వ్యాపారం ఉంది, వాకారా లాంటి యూట్ నాయకులు గుర్రాలతో వెళ్ళి దక్షిణాన పేద పయూట్ల పిల్లల్ని ఎత్తుకొచ్చి న్యూ మెక్సికో వ్యాపారులకి అమ్మేవాళ్ళు. బ్రిగమ్ యంగ్ ఆ వ్యాపారులని కోర్టుకి లాగి ఆపించాడు, నిజమే. కానీ ఆ పిల్లల్ని మీరే కొనండి, పెంచండి, సువార్త నేర్పండి, కొన్ని తరాల్లో వీళ్ళు తెల్లగా సుందరంగా అయిపోతారని 1851లో దక్షిణ యూటా సెటిలర్లకి చెప్పాడు. 1852లో యూటా శాసనసభ చేసిన చట్టం ప్రకారం ఏ తెల్లమనిషైనా ఇండియన్ పిల్లని కొనుక్కుని, జడ్జి దగ్గర కాగితం రాయించుకుని, ఇరవై ఏళ్ళ వరకు తన దగ్గర పనికి కట్టేసుకోవచ్చు, దగ్గర్లో స్కూలుంటే ఏడాదికి మూడు నెలలు పంపాలి, బట్టలివ్వాలి. అదే సమావేశాల్లో నల్లజాతి బానిసత్వానికి కూడా చట్టం చేశారు. ఇండియన్ పిల్లల్ని కొనుక్కునే చట్టానికి పేరేమో ఇండియన్ బానిసల, బందీల ఉపశమనం కోసం అని. కొన్నవాళ్ళలో కొందరు ఆ పిల్లల్ని నిజంగా కూతురిలా కొడుకులా చూసుకున్నారు, ఇంకొందరు పనిమనిషిగానే చూశారు, కానీ ఎంత బాగా చూసుకున్నా ఆ పిల్లకి అమ్మా నాన్న ఎక్కడో బతికే ఉన్నారు, భాష పోయింది, పెళ్ళి వయసొచ్చాక తెల్లవాళ్ళు చేసుకోరు, తిరిగి తన వాళ్ళ దగ్గరికెళ్తే అక్కడ ఇమడలేదు. వందల మంది పిల్లలు ఇలా వచ్చారు, చాలామంది పెద్దవాళ్ళు కాకముందే జబ్బులతో పోయారు. బ్రిగమ్ యంగ్ ఇంట్లోనే శాలీ అనే పేరుతో అలాంటి అమ్మాయి ఒకామె వంటపనిలో ముప్ఫై ఏళ్ళ దాకా గడిపింది, చివరికి 1877లో కనోష్ అనే నాయకుడికి, యూట్లలో పాహ్వాంట్ శాఖవాడు, ఇచ్చి పెళ్ళి చేసి పంపితే రెండేళ్ళు తిరక్కుండానే చనిపోయింది.

ఫోర్ట్ యూటా తర్వాత యంగ్ కొంత మెత్తబడ్డాడు, ఇండియన్లతో యుద్ధం చేయడం కంటే తిండి పెట్టడం చవక అని పదే పదే చెప్పేవాడు. దీన్ని ఆయన దయకి రుజువుగా చూపించేవాళ్ళు ఉన్నారు. కానీ తిండి పెట్టాల్సిన పరిస్థితి ఎలా వచ్చిందో అడగకుండా తిండి పెట్టినందుకు మెచ్చుకుంటే ఏం న్యాయం? ప్రతి మంచి లోయలో, ప్రతి వాగు నోట్లో ఊరు వెలిసింది, యంగ్ చనిపోయిన 1877 నాటికి మోర్మన్ ఊళ్ళు మూడు వందలు దాటాయి. ఎడారి ప్రాంతంలో నీళ్ళున్న చోటు చాలా తక్కువ, ఆ చోట్లన్నీ పోతే మిగిలిన లక్షల ఎకరాలు ఉన్నా లేనట్టే. ఆ లెక్క మోర్మన్లకి బాగా తెలుసు, వాళ్ళ కాలవల వ్యవస్థ అంతా ఆ లెక్క మీదే నడిచింది.

1853లో వాకారా తిరగబడ్డాడు, 1854లో రాజీ కుదిరింది, 1855 మొదట్లో చనిపోయాడు. 1857లో మౌంటెన్ మెడోస్ అనే చోట మోర్మన్ మిలీషియా కొందరు పయూట్లని కలుపుకుని అర్కాన్సాస్ నుంచి కాలిఫోర్నియా వెళ్తున్న సుమారు 120 మంది వలస ప్రయాణికుల్ని చంపేసింది, నింద మాత్రం పయూట్ల మీద వేశారు, ఆ నింద నూట యాభై ఏళ్ళు మోశారు వాళ్ళు. 1865లో ఆంటోంగా బ్లాక్ హాక్ నాయకత్వంలో యూటా చరిత్రలోనే పెద్ద తిరుగుబాటు మొదలైంది, ఆకలి, జబ్బులు, పోయిన నేల, మూడూ కలిసిన తిరుగుబాటు అది. ఆ గొడవల మధ్య 1866 ఏప్రిల్‌లో సర్కిల్‌విల్ అనే ఊళ్ళో సెటిలర్లు ఏ యుద్ధంలోనూ లేని పయూట్లని మాట్లాడదామని పిలిచి, ఆయుధాలు తీసుకుని, కట్టి, నేలమాళిగలో పెట్టి, తర్వాత ఒక్కొక్కళ్ళని బయటికి తెచ్చి గొంతులు కోసి చంపారు, ఆడవాళ్ళు పిల్లలతో సహా సుమారు ముప్ఫై మంది. ఎవరి మీదా కేసు లేదు. బ్లాక్ హాక్ 1870లో చనిపోతే ఇరవయ్యో శతాబ్దంలో ఆయన సమాధి తవ్వి ఎముకలు తీసి ప్రదర్శనకి పెట్టారు, చర్చి మ్యూజియంలో కూడా ఉన్నాయి కొన్నేళ్ళు, 1996లో గానీ మళ్ళీ పూడ్చలేదు.

యూట్లని ఎక్కడికి పంపాలన్న ప్రశ్న వచ్చినప్పుడు తూర్పున ఉన్న యూయింటా బేసిన్ చూసి రమ్మని 1861లో చర్చి ఒక బృందాన్ని పంపింది. వాళ్ళ రిపోర్ట్ ఏంటంటే అది పనికిరాని బీడు, సంచార జాతుల వేటకి, ఇంకా ప్రపంచం విడిపోకుండా పట్టి ఉంచడానికి తప్ప దేనికీ పనికిరాదు అని. చర్చి పత్రికలో అచ్చయింది. మోర్మన్లకి పనికిరాదని తేలాక కొన్ని వారాల్లోనే ప్రెసిడెంట్ లింకన్ దాన్ని రిజర్వేషన్‌గా ప్రకటించాడు. 1865లో స్పానిష్ ఫోర్క్ దగ్గర యూట్లతో ఒప్పందం కూడా రాయించారు, బ్రిగమ్ యంగ్ దగ్గరుండి ఒప్పించాడు, మీరు అమ్మకపోయినా ఎలాగూ పోతుంది కాబట్టి వచ్చినంత తీసుకోమన్నాడు. యూట్లు కదిలి వెళ్ళారు, సెనేట్ మాత్రం ఆ ఒప్పందాన్ని ఆమోదించలేదు, డబ్బు రాలేదు. 1905లో ఆ బీడు రిజర్వేషన్ కూడా తెల్లవాళ్ళ సెటిల్మెంట్‌కి తెరిచారు.

ఉత్తరాన షోషోనీల కథ వేరేగా కనిపిస్తుంది గానీ దారి అదే. 1860 ప్రాంతంలో మోర్మన్లు కాష్ లోయలోకి వచ్చారు, గడ్డి గింజలు పోయాయి, షోషోనీలు ఆకలితో పశువులు పట్టారు, ఫిర్యాదులెళ్ళాయి. 1863 జనవరి 29న కల్నల్ పాట్రిక్ కానర్ సైన్యం బేర్ నది దగ్గర శిబిరం మీద పడి 250 నుంచి 400 మందిని చంపింది. చంపింది అమెరికా సైన్యం, మోర్మన్లు కాదు, కానీ దారి చూపించింది మోర్మన్ ఒకడు, గాయపడ్డ సైనికుల్ని చూసుకుంది పక్క మోర్మన్ ఊరు, ఇది దేవుడి జోక్యం అని లోయ బిషప్ రాశాడు. బతికి బయటపడ్డ సాగ్విచ్ అనే నాయకుడు పదేళ్ళ తర్వాత, 1873లో, తన వాళ్ళతో సహా అదే మతంలో బాప్తిస్మం తీసుకున్నాడు. ఎందుకు అంటే ఒక్క కారణం చెప్పడం ఆ మనిషికి అన్యాయం, నమ్మకం ఉండొచ్చు, బతకడానికి ఇంకో దారి లేకపోవడం ఉండొచ్చు, రెండూ ఒకే మనసులో ఉండొచ్చు. వాళ్ళు చర్చి భూమిలో వాషకీ అనే ఊరు కట్టుకుని వ్యవసాయం చేశారు, గుడి నిర్మాణానికి పనిచేశారు, రెండు మూడు తరాలు నమ్మకమైన మోర్మన్లుగా బతికారు. 1960లో చర్చి మనుషులు ఖాళీగా ఉన్నాయనుకుని ఆ ఊళ్ళో ఇళ్ళు తగలబెట్టి పొలం అమ్మేశారు. పనికో ఇంకో పనికో బయటికెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేసరికి ఇల్లు లేదు. తెల్లవాళ్ళలా మారితే మీ నేల మీకుంటుంది అన్న మాట ఎంత బలహీనమో ఇంతకంటే గట్టిగా చెప్పే సంఘటన ఇంకోటి లేదు, ఎందుకంటే వీళ్ళు అడిగినవన్నీ చేశారు.

అదే పదేళ్ళలో ఇంకో రెండు జరిగాయి. ఒకటి, యూటా సెనేటర్ ఆర్థర్ వాట్కిన్స్, భక్తుడైన మోర్మన్, తెగలకి ప్రభుత్వ గుర్తింపే రద్దు చేసే పాలసీకి ముందు నిలబడ్డాడు, దాన్ని బానిసల విముక్తితో పోల్చాడు, 1954లో తన రాష్ట్రంలోని దక్షిణ పయూట్ల మీదే ప్రయోగించాడు. పేదల్లో పేదలైన వాళ్ళకి ఉన్న కాస్త భూమికి పన్నులు పడ్డాయి, వైద్యం పోయింది, 1980లో గుర్తింపు తిరిగొచ్చేదాకా పాతికేళ్ళు చట్టం దృష్టిలో వాళ్ళు ఇండియన్లే కారు. రెండోది ఇండియన్ స్టూడెంట్ ప్లేస్‌మెంట్ ప్రోగ్రామ్. 1947లో చిన్నగా మొదలై 1954లో అధికారికమైంది, 1990ల దాకా నడిచింది, 40 వేల నుంచి 50 వేల మంది పిల్లలు, ఎక్కువగా నవాహోలు, బాప్తిస్మం తీసుకుని స్కూలు నెలలన్నీ తెల్ల మోర్మన్ కుటుంబాల ఇళ్ళల్లో ఉండేవాళ్ళు, ఎండాకాలం ఇంటికెళ్ళేవాళ్ళు. 1960 చర్చి మహాసభలో స్పెన్సర్ కింబాల్, తర్వాత చర్చి ప్రెసిడెంట్ అయినాయన, ఈ పిల్లలు ఇంటి దగ్గరున్న అన్నదమ్ముల కంటే తెల్లబడుతున్నారని సంతోషంగా చెప్పాడు. నూట పదేళ్ళ కిందట యంగ్ చెప్పిన మాటే అది.

ఈ ప్రోగ్రామ్‌లో చదివి పైకొచ్చినవాళ్ళు ఉన్నారు, ఆ ఇంటివాళ్ళని ఇప్పటికీ అమ్మ నాన్న అని పిలిచేవాళ్ళు ఉన్నారు, తల్లిదండ్రులే పంపారు, ఎందుకంటే రిజర్వేషన్‌లో ఉన్న స్కూళ్ళు ఘోరంగా ఉండేవి. అది వాళ్ళ అనుభవం, దాన్ని తీసిపారేయకూడదు. 2016 నుంచి కొందరు నవాహోలు ఆ ఇళ్ళల్లో తమ మీద లైంగిక దాడులు జరిగాయని కోర్టుకెళ్ళారు, ఆ కేసులు సెటిల్ అయ్యాయి, అది కూడా అనుభవమే. కానీ ఒక్కొక్కళ్ళ అనుభవం పక్కనపెట్టి మొత్తం పద్ధతి చూడాలి, స్కూలు బాలేకపోతే అక్కడే మంచి స్కూలు కట్టొచ్చు కదా, పిల్లనే ఎందుకు తీసుకురావాలి?

మోర్మన్లు మిగతా సరిహద్దు సెటిలర్ల కంటే నయం అని వాదించే చరిత్రకారులు ఉన్నారు, కాలిఫోర్నియాలో అదే సమయంలో జరిగిన మారణకాండతో పోలిస్తే చావుల లెక్కలో అది నిజం కూడా. యూట్లు కూడా మోర్మన్లని మిగతా అమెరికన్లని వేరు వేరుగానే చూసేవాళ్ళు. కానీ చివరికి మిగిలిన నేల ఎంత అని చూస్తే ఆ తేడా కరిగిపోతుంది.

చర్చి కొంత మారింది. 1981లో గ్రంథంలో తెల్లగా అన్న చోట స్వచ్ఛంగా అని మార్చారు, అదే ఎడిషన్ ముందుమాటలో లేమనైట్లే ఇండియన్ల ప్రధాన పూర్వీకులు అని రాసిన వాక్యాన్ని 2007 నాటికి పూర్వీకులలో వాళ్ళు కూడా ఉన్నారు అని తగ్గించారు. అదే ఏడాది మౌంటెన్ మెడోస్ దగ్గర చర్చి తరఫున పయూట్లకి విచారం తెలిపారు. 2016లో సర్కిల్‌విల్‌లో స్మారకం పెట్టారు. ఇదంతా తెలుగువాళ్ళకి మరీ దూరం కూడా కాదు, ఇండియాలో ఈ చర్చి మొదటి స్టేక్, అంటే చాలా సంఘాలు కలిసిన పెద్ద విభాగం, 2012లో ఏర్పడింది హైదరాబాద్‌లోనే, ఐటీ ఉద్యోగాలతో యూటా వెళ్ళేవాళ్ళు దిగే లీహై ఊరు కూడా ఆ యూటా లేక్ పక్కనే ఉంది, దాని పేరు మోర్మన్ గ్రంథంలోని ప్రవక్తది.

మాటలు మారినంత త్వరగా నేల చేతులు మారదు. టింపనోగోస్ తెగకి ఇవాళ్టికీ ఫెడరల్ గుర్తింపు లేదు, వాళ్ళ సరస్సు ఒడ్డున లక్షల మంది ఉంటున్నారు. వాయవ్య షోషోనీ తెగ 2018లో బేర్ నది దగ్గర తమ వాళ్ళు చనిపోయిన చోటు సుమారు 550 ఎకరాలు డబ్బులిచ్చి కొనుక్కుంది, పొలాలు చేసి పాడైన వాగుని మళ్ళీ పాత దారికి తెచ్చే పని, పరాయి చెట్లు పీకి స్థానిక మొక్కలు నాటే పని అక్కడ నడుస్తోంది.